బలి డెక్‌లో ముందు బలిపశువులు చూసుకోండ్రి

మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో బలి డెక్‌కు (మన జీవులనే బలిచ్చి లాభం పొందే కార్డుల కట్టకు) బలి ఇచ్చే కార్డులే ఎక్కువుండాలని ఒక వ్యాసంలో రాసిండ్రు. నేను ఒప్పుకోను. విసెరా సీర్ అనే బలి ఇచ్చే కార్డు ఒక్కటి బల్ల మీదుంటే ఎన్ని జీవులనైనా మానా (కార్డులు ఆడే శక్తి) ఖర్చు లేకుండ బలియ్యొచ్చు. రెండోది, మూడోది చేతిల పడితే దండగ.

60 కార్డుల్ల 22 ల్యాండ్లు (మానా ఇచ్చేవి), 16 బలిపశువులు, 8 బలి ఇచ్చేవి, 8 జీవి చస్తే ఫలితమిచ్చేవి, మిగిలిన 6 విలేజ్ రైట్స్ లెక్క జీవిని బలిచ్చి కొత్త కార్డులు చేతికి తెచ్చేవి. బలిపశువు అంటే డూమ్డ్ ట్రావెలర్ లెక్క ఉండాలె: చచ్చినంక ఎగిరే 1/1 టోకెన్ (కార్డు లేకుండ వచ్చే చిన్న జీవి) ఇస్తది, అంటే ఒక్క కార్డుకు రెండు చావులు.

విలేజ్ రైట్స్‌తో జాగ్రత్త. బలి అనేది ఖర్చు కింద ముందే కట్టాలె. ఎదుటివాళ్లు కౌంటర్ చేస్తే (మీ స్పెల్‌ను రద్దు చేస్తే) జీవి పాయె, కార్డూ పాయె. అందుకే మీ జీవి మీద చంపే స్పెల్ పడ్డప్పుడే దానికి జవాబుగా వాడాలె, ఎట్లైనా పోయే జీవే కద.

హనుమకొండల నలుగురు కూడి కమాండర్ (ఈ ఆటలనే ఇంకో పద్ధతి) ఆడేటోళ్లు జులాపోర్ట్ కట్‌త్రోట్ తప్పక పెట్టుకోండ్రి. మీ జీవి ఒక్కటి చస్తే ముగ్గురికీ తలా 1 లైఫ్ తగ్గుతది. బ్లడ్ ఆర్టిస్ట్ ఒక్కరికే తగిలినా, ఎదుటోళ్ల జీవులు చచ్చినా పనిచేస్తది.

రెస్ట్ ఇన్ పీస్ అనే కార్డు దిగితే మాత్రం అంతా ఆగిపోతది. జీవులు గ్రేవ్‌యార్డ్‌కు (చచ్చినవి పోయే కుప్పకు) పోవు, ఎగ్జైల్ అయితయి (ఆట బయటికి పోతయి), టోకెన్లు సుత; అందుకే అది చావు లెక్కల రాదు. దాన్ని పగలగొట్టే కార్డులు సైడ్‌బోర్డుల (ఆటల నడుమ మార్చుకునే అదనపు కార్డుల్ల) రెండన్నా ఉంచుకోండ్రి.