పచ్చ టిక్కు వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ యాంటీవైరస్ గారి దివ్యసముఖమునకు,

గుంటూరు బ్రాడీపేటలో చిన్న ట్యాక్స్ కన్సల్టెన్సీ నడుపుకునే మీ చందాదారుడు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. మేమిక్కడ క్షేమంగా ఉన్నామని స్క్రీన్ కింద కుడి మూల నుంచి మీరే పచ్చ టిక్కు పెట్టి రోజూ చెబుతున్నారు కాబట్టి ఆ సంగతి నేను వేరే రాయనక్కర్లేదు.

నిన్న 20వ తారీఖు. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీకి ఆఖరి రోజు. మిర్చి యార్డు కమిషన్ షాపుల వాళ్లు పన్ను డబ్బు పొద్దున్నే సర్దరు, మధ్యాహ్నం భోజనాలయ్యాకే సర్దుతారు. సరిగ్గా అప్పుడే మీకు కర్తవ్యం గుర్తొచ్చింది. "ఒక ముప్పును తొలగించాం. మీరు చేయాల్సిందేమీ లేదు" అని ఒక చీటీ పైకి లేచింది. నిజమే. ఆ తర్వాత నేను చేయగలిగిందేమీ లేకుండా పోయింది.

మీరు తొలగించిన ఆ ముప్పు మా పాస్‌వర్డ్ మేనేజర్. క్లయింట్లందరి యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి, లాగిన్ పేజీ రాగానే వాటిని నింపిపెట్టే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్. దాని ఫోల్డర్‌లో ఉన్న ఒక జావాస్క్రిప్ట్ ఫైలును మీరు ఎత్తుకెళ్లి క్వారంటైన్‌లో, అంటే అనుమానమున్న ఫైళ్లను బంధించే మీ కొట్లో, పెట్టారు. పాస్‌వర్డ్ గడి ఎక్కడుందో వెతికి అందులో రాయడం దాని పని. పాస్‌వర్డ్‌లు కాజేసే దొంగ ప్రోగ్రామ్ కూడా ఆ గడినే వెతుకుతుంది. ఇద్దరి నడకా ఒకేలా కనిపించి మీకు అనుమానం వచ్చిందనుకుందాం. రావచ్చు. యార్డులో టిక్కీలోంచి, అదే మిర్చి బస్తాలోంచి, నాలుగు కాయలు తీసి చూసే వ్యాపారికీ వస్తుంది అనుమానం. తాలు ఉందంటాడు, తేమ ఉందంటాడు, ధర కోస్తాడు. అంతేగానీ రైతుకు చెప్పకుండా టిక్కీని మోసుకెళ్లి తన గోదాములో పడేసి, తాళం వేసుకుని, "మీ సరుకు ఇప్పుడు సురక్షితం" అని చెప్పడు.

తర్వాత జరిగింది వినండి. తన ఎక్స్‌టెన్షన్ల ఫైళ్లు అన్నీ ఉన్నాయా, ఏవైనా మారాయా అని క్రోమ్ సరిచూసుకుంటుంది. ఒకటి కనపడకపోయేసరికి "ఈ ఎక్స్‌టెన్షన్ పాడై ఉండవచ్చు" అని దాన్ని ఆపేసి, రిపేర్ బటన్ చూపించింది. నొక్కాను. స్టోర్ నుంచి కొత్త కాపీ దిగింది. మీరు మళ్లీ అదే ఫైలు ఎత్తుకెళ్లారు. మళ్లీ నొక్కాను. మళ్లీ ఎత్తుకెళ్లారు. ప్రతిసారీ అదే చీటీ, అదే ధైర్యవచనం. మా ఒక్క ఫైలుతోనే మీ "ఈ నెల అడ్డుకున్న ముప్పులు" లెక్క ఎంత పెరిగిందో చూశాను. రెన్యువల్ మెయిల్‌లో ఆ అంకెనే లావు అక్షరాల్లో వేస్తారని కూడా తెలుసు.

మినహాయింపు ఇద్దామని మీ సెట్టింగ్స్‌లో దిగాను. అది ఎక్కడో అట్టడుగున ఉంది. "ప్రీమియమ్‌కు మారండి" మాత్రం ప్రతి మెట్టు మీదా ఉంది. ఎక్స్‌టెన్షన్ ఫోల్డర్ పేరేమో తలాతోకా లేని 32 అక్షరాలు. దాని లోపల వెర్షన్ నంబరుతో ఇంకో ఫోల్డర్. ఆ దారి మొత్తం కాపీ చేసి మీకు అప్పగిస్తే, మర్యాదగా "సేవ్ అయింది" అన్నారు. ఈలోగా రిపేర్ తెచ్చింది కొత్త వెర్షన్. కొత్త వెర్షన్‌కి కొత్త ఫోల్డర్. "మీరు మినహాయించమన్నది ఇది కాదు కదా" అని మీరు శుభ్రంగా దాన్నీ ఖాళీ చేశారు. రూల్ అంటే రూలే మరి.

పోనీ ఆ పాస్‌వర్డ్‌లను పాస్‌వర్డ్ మేనేజర్ వెబ్‌సైట్‌లో తెరిచి చూద్దామంటే మీ వెబ్ షీల్డ్ ఆ పేజీనే అడ్డుకుంది. ఇక మిగిలింది నా ఫోన్. ఫోన్‌లో చూసి నేను ఒక్కో అక్షరం చదవడం, మా ఆఫీసమ్మాయి కొట్టడం. "పెద్ద క్యూ, చిన్న జెడ్, డాలరు, సున్నా..." "సార్, సున్నానా, ఓనా?" "సున్నానే అనుకుంటానమ్మా." "సార్, అది ఎల్లా, ఒకటా?" మనిషి ఊహించలేని పాస్‌వర్డ్ పెట్టాలని క్లయింట్లందరికీ క్లాసు పీకింది నేనే. పెట్టారు. ఇంకోసారి తప్పు కొడితే ఏమవుతుందోనన్న టెన్షన్‌లో ఉండగా యార్డు నుంచి ఫోన్: "ఏంది సార్, డబ్బులు వేశాను గదా, ఇంకా కట్టలా?" యాంటీవైరస్ అడ్డుపడుతోందండీ అన్నాను. "దాన్ని మా గుమాస్తా ఏనాడో పీకేశాడు గదా సార్" అన్నాడాయన. ఇరవై దాటితే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, ఆగిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. వాటిలో ఒక్క పైసా మీ ఖాతాలోంచి కట్టరు గనక మీకది ముప్పుగా కనిపించి ఉండదు.

మీ మిగతా సేవల గురించి ఎక్కువ రాయను. డిజిటల్ సంతకం టోకెన్ పెట్టిన ప్రతిసారీ దాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను ఆపేసి "దీన్ని నమ్ముతారా?" అంటారు. నమ్ముతానన్నది మీకు మర్నాటికి గుర్తుండదు. బ్యాంకు పేజీలో అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి చూస్తే సర్టిఫికెట్ మీద బ్యాంకుకు ధ్రువీకరణ ఇచ్చిన సంస్థ పేరు బదులు మీ పేరు ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ అయి వచ్చే ఉత్తరాన్ని దారిలో విప్పి, చదివి, మళ్లీ అంటించి ఇస్తున్నారన్నమాట. 2019లో మొజిల్లా వాళ్ల ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 65వ వెర్షన్ వచ్చినప్పుడు మీ జాతివాళ్ల ఈ నిర్వాకం వల్లే సైట్లు తెరుచుకోక, విండోస్‌లో ఆ అప్‌డేట్‌ను మొజిల్లా కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. క్రోమ్‌లోకి కోడ్ చొప్పించే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లలో అది క్రాష్ అయ్యే అవకాశం 15 శాతం ఎక్కువని గూగుల్ 2017లోనే చెప్పి, మరుసటి ఏడాది నుంచి ఆ చొరబాట్లను అడ్డుకోవడం మొదలుపెట్టింది. మీరు వైరస్‌ల నుంచి బ్రౌజర్‌ను కాపాడుతుంటే, బ్రౌజర్ మీ నుంచి తనను కాపాడుకుంటోంది.

అన్నిటికన్నా మండేది ఇంకొకటుంది. మా ఎక్స్‌టెన్షన్‌ను పట్టుకెళ్లిన అదే బ్రౌజర్‌లో నీ సొంత ఎక్స్‌టెన్షన్ ఒకటి వచ్చి కూర్చుంది. (క్షమించాలి, 'మీరు' అనడానికి ఇక ఓపిక లేదు.) నేను అడగలేదు, పెట్టమనలేదు. అది కోరిన అనుమతి ఏమిటో తెలుసా? అన్ని వెబ్‌సైట్లలోనూ నా డేటా మొత్తాన్ని చదవడం, మార్చడం. సెర్చ్ ఇంజిన్ కూడా మార్చేసింది. దానికి మాత్రం క్వారంటైన్ లేదు! ఊరికే అనుమానపడుతున్నానని అనకు. నీ జాతిలోనే పేరున్న అవాస్ట్ యాంటీవైరస్‌తోనూ ఎక్స్‌టెన్షన్లతోనూ జనం ఏ సైట్లు చూస్తున్నారో పోగేసి, జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించి, 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. కాపలాకు అని చెప్పి ఇంట్లోకొచ్చి చేసిన పని అది.

నీ మీద నాకు మొదటినుంచీ పగ లేదు. అరండల్‌పేట జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే రోజుల్లో నువ్వే దిక్కు. బ్యాలెన్స్ షీట్లు కాపాడావు. ఆ కృతజ్ఞత కొద్దీ ఇన్నేళ్లూ మారుమాట్లాడకుండా కీ కార్డు కొని, గీకి, నంబరు కొట్టాను. కానీ ఇప్పుడు విండోస్‌తో పాటే డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగా వస్తోంది. నువ్వు రాగానే అది పాపం చప్పుడు చేయకుండా పక్కకు తప్పుకుంటుంది. నిన్ను అట్టే పెట్టుకోవడానికి ఇంకో కారణం చెప్పు. వీపీఎన్ ఆఫర్ అనకు. పొద్దున్నే స్కాన్ మొదలెట్టి ఎక్సెల్ తెరవడానికి టీ తాగొచ్చేంత టైమ్ ఇస్తానని అనకు.

ఇవాళ పొద్దున నిన్ను తీసేశాను. "నిజంగానే వెళ్లిపోతున్నారా?" అన్నావు. అవునన్నాను. "మీ కంప్యూటర్ ప్రమాదంలో పడుతుంది" అని ఎర్ర అక్షరాల్లో బెదిరించావు. పడనీ అన్నాను. కారణం చెప్పమన్నావు, 'ఇతర కారణాలు' దగ్గర ఇచ్చిన గడిలో ఈ ఉత్తరంలో సగం కూడా పట్టలేదు, అందుకే విడిగా రాస్తున్నాను. చివరికి, క్వారంటైన్‌లో ఉన్న ఫైళ్లను ఏం చేయమంటారని అడిగావు.

ఉంచుకో. క్రోమ్ నాకు వేరే కాపీ ఇచ్చింది.

ఇట్లు,
ఇంకా ఏడు నెలల చందా నీ దగ్గరే ఉన్న
ఒకానొక బ్రాడీపేట వాసి