చచ్చిపోయిన చావు పన్నుకు ఓ ఆడపడుచు ఉత్తరం

కీర్తిశేషులు వారసత్వ పన్ను గారికి,

నమస్కారం. క్షేమమా అని అడగడం బాగుండదు, మీరు పోయి నలభై ఏళ్లు దాటింది. 1953లో ఎస్టేట్ డ్యూటీ అనే పేరుతో పుట్టారు, 1985 మార్చిలో అప్పటి ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ చేతిలో పోయారు. దేశమంతా తిరిగి మీరు ఏడాదికి తెస్తున్నది సుమారు 20 కోట్లేనని, వసూలు ఖర్చు చూస్తే గిట్టుబాటు కాదని బడ్జెట్ ప్రసంగంలో చెప్పి మరీ మిమ్మల్ని సాగనంపారు. 20 లక్షలు దాటిన ఆస్తి మీద 85 శాతం దాకా రేటు పెట్టుకుని కూడా తెచ్చింది అంతే! ఉన్నవాళ్లు మీ రాక ముందే పసిగట్టి, ఆస్తులన్నీ అటూ ఇటూ సర్దేసి, తీరిగ్గా పోయి ఉంటారు.

మాది కందుకూరు దగ్గర పల్లె. 2022 ఏప్రిల్లో మమ్మల్ని ప్రకాశం జిల్లాలోంచి తీసి నెల్లూరు జిల్లాలో పెట్టారు. ఊళ్లకు ఊళ్లు ఒక్క గెజిట్‌తో జిల్లా మారాయి గానీ, మా నాన్న రెండెకరాల ముప్పై సెంట్లు మాత్రం ఆయన పోయాక కూడా ఆయన పేరు మీదే ఉంది. ఎందుకుందో తర్వాత చెప్తాను.

2024 ఏప్రిల్లో, సరిగ్గా ఓట్ల ముందు, మీరు మళ్లీ లేచి కూర్చున్నారు. అమెరికాలో ఇలాంటి పన్ను ఉంది, ఇక్కడా చర్చించాలి అని కాంగ్రెస్ నేత శామ్ పిట్రోడా ఓ మాటన్నారు. ఆయన పార్టీ వెంటనే అది మా మాట కాదంది. కానీ అప్పటికే టీవీ మోగిపోయింది. మా అన్నయ్యకు ఒకటే టెన్షన్. పొగాకు వేలం నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా, "యాభై ఐదు శాతం లాక్కుంటారంట అమ్మాయ్! నాన్న కష్టపడి సంపాదించింది! ఏందిది, న్యాయమేనా?" అని నా మీదే అరిచాడు, మిమ్మల్ని నేనే పిలిపించినట్టు.

అన్నయ్యకు తెలియనిదేమిటంటే, మీ అమెరికా అన్నగారు ఆ ఏడాది 1.36 కోట్ల డాలర్లు దాటిన ఆస్తిని తప్ప ముట్టుకోరు. మన లెక్కలో వంద కోట్ల పైమాటే. మా పొగాకు బ్యారన్‌ని (ఆకు ఆరబెట్టే కొట్టం), అందులో మా బాబాయికున్న సగం వాటాతో సహా అమ్మినా ఆయన గుమ్మం దాకా వెళ్లలేం.

అలాగని అన్నయ్య భయమంతా వెర్రి అననులెండి. మాకు దగ్గర్లోనే రామాయపట్నం పోర్టు. పోర్టు మాట వచ్చిన దగ్గర్నుంచి మా చేల రేట్లు ఎక్కడికో పోయాయి. మినుము వేసినా, పొగాకు వేసినా పంట మీద వచ్చేది మాత్రం ఎప్పటిలాగే అంతే. కాగితం మీద కోటీశ్వరులం, చేతిలో ఎరువులకు డబ్బుండదు. ఇలాంటి ఇంటికి మీరొచ్చి చేను విలువ మీద ఇంత కట్టమంటే, చేను అమ్మే కట్టాలి. మీ ఇంగ్లండు తమ్ముడి సంగతి చూడండి. 3,25,000 పౌండ్లు దాటితే 40 శాతం అంటాడు. ఆ గీత 2009 నుంచి కదల్లేదు, ఇళ్ల ధరలు ఆగలేదు. 2024లో రైతులకిచ్చే మినహాయింపు తగ్గిస్తామనేసరికి వాళ్లు ట్రాక్టర్లేసుకుని లండన్ రోడ్లెక్కారు. కాబట్టి మీరు మళ్లీ పుడితే, గీత బాగా ఎత్తులో గీసుకుని, ధరలతో పాటు జరుపుకుంటూ రండి. అప్పుడు మా పల్లెలో మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లే ఉండరు.

సరే, అసలు విషయానికొస్తాను. మీరు పోయారని అందరూ అనుకుంటున్నారు గానీ, మీ దాయాది ఒకరు మా ఇళ్లలో దర్జాగా బతికే ఉన్నారు. ఆడపిల్ల పన్ను అంటాను నేను. రేటు నూటికి నూరు. శ్లాబులు లేవు, మినహాయింపులు లేవు. అసెస్‌మెంటు చేసేది పెద్దన్నయ్య, సాక్షి మేనమామ. కట్టాల్సింది ఒక్క సంతకం. రసీదుగా చీర, రవిక, పసుపు కుంకుమ ఇస్తారు. కట్టకపోతే జరిమానా పుట్టిల్లు.

అప్పీలుకు వెళ్తే కట్నం పద్దు తీస్తారు. కట్నం మీద నిషేధం 1961 నుంచీ ఉంది, కానీ 1998లో నాకిచ్చింది రూపాయితో సహా రాసి పెట్టారు. అన్నయ్య ఇంజనీరింగు సీటుకు కట్టింది, తమ్ముడి షాపు అడ్వాన్సు ఎక్కడా రాయలేదు. "అది పిల్లల చదువు, వ్యాపారం, ఇదేమో కట్నం" అంటుంది వదిన. ఆవిడా ఒకింటి ఆడపడుచే, సంతకం పెట్టి వచ్చినావిడే.

చట్టం లేదా అంటే ఉంది. తండ్రి సొంతంగా సంపాదించింది వీలునామా రాయకుండా పోతే, కూతురికీ కొడుకుతో సమానంగా వాటా 1956 నుంచే ఉంది. మీరు పోయిన 1985లోనే మరో ముచ్చట జరిగింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం, ఆ ఏడాది సెప్టెంబర్ 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు తాతల ఆస్తిలో కూడా హక్కు వచ్చింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. మీరు వెళ్లిన గుమ్మంలోంచి ఆడపిల్లలు లోపలికొచ్చారన్నమాట, కాగితం మీద.

మా నాన్న ఆ చేను పొగాకు డబ్బుతో కొన్నాడు. వీలునామా రాయలేదు. అమ్మ, అన్నయ్య, నేను, తమ్ముడు, నాలుగు వాటాలు. రెండెకరాల ముప్పై సెంట్లలో నాకొచ్చేది యాభై ఏడున్నర సెంట్లు. 2025లో ప్రభుత్వం వారసత్వ ఆస్తి పంచుకోవడానికి స్టాంపు డ్యూటీ కూడా తగ్గించింది. విలువ 10 లక్షల లోపైతే 100 రూపాయలు, దాటితే 1000. అన్నయ్య సంబరపడి ఫోన్ చేశాడు. "ఖర్చేం లేదు అమ్మాయ్, ఆధార్ తీసుకుని రా, ఓ సంతకం పెట్టి వెళ్దువు." ఏ కాగితం మీద అన్నాను. "నువ్వు వదులుకుంటున్నట్టు" అన్నాడు, టీ తాగుతావా అన్నంత మామూలుగా. నేను సంతకం పెట్టలేదు. చేను నాన్న పేరు మీదే ఉండిపోవడానికి కారణం ఇదీ.

మీరు అన్యాయమని మా అన్నయ్య ఇప్పటికీ అంటాడు. నేను కూర్చుని లెక్క వేశాను. మీ ఇంగ్లండు తమ్ముడి 40 శాతం నా వాటా మీద పడితే ముప్పై నాలుగున్నర సెంట్లు మిగులుతుంది. అన్నయ్య భయపడ్డ 55 వేసినా పాతిక సెంట్ల పైనే. మీరు పాత కోపంతో 85 వేశారనుకోండి, అప్పుడూ ఎనిమిదిన్నర సెంట్లకు తగ్గదు. పోర్టు రోడ్డు పక్కన అంత జాగాలో ఇల్లు కట్టుకుని, ముందు రెండు షాపులు అద్దెకిచ్చుకోవచ్చు.

ఇట్లు,
మీకు ఎప్పుడూ పైసా కట్టని,
రెండో సంతానం, ఏకైక ఆడపడుచు

తా.క.: చీర కొనేశారట. వదిన ఫోటో పంపింది. రంగు బాగుంది.