సున్నం గారికి సున్నితమైన ఫిర్యాదు

మహారాజశ్రీ సోడా లైమ్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

నేను క్షేమం. మీ క్షేమం తెలుసుకునే దారే లేదు, నా బాధంతా అదే.

నీళ్లలో దిగినప్పుడు వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ పీల్పించే యంత్రం, అదే రీబ్రీదర్, కొనేముందు ఆరు నెలలు పెళ్లిచూపులకు తిరిగినట్టు తిరిగాను. గాలితిత్తులు వీపు మీదా, ఛాతీ మీదా? ఆక్సిజన్ యంత్రమే వదలాలా, నా చేత్తో వదలాలా? ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు మూడు, ఒకటి అబద్ధమాడితే మిగతా రెండూ పట్టిస్తాయంటే పొంగిపోయాను. (రెండూ కూడబలుక్కుంటే? అడిగాను. అమ్మేవాడు నవ్వాడు.) డబ్బాలో పోసే సున్నం ఊసు మాత్రం ఎత్తలేదు.

మీరు చేసేది చిన్న పనేం కాదు. నేను వదిలిన ఊపిరిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి సుద్దగా మార్చేస్తారు. 1878లో ఇలాంటి యంత్రమే చేసిన హెన్రీ ఫ్లూస్, కాస్టిక్ పొటాష్ అనే క్షారంలో నానబెట్టిన తాడు పీచుతో పట్టించిందీ ఈ వాయువునే. అయితే అలసిపోయామని చెప్పే అలవాటు మీ వంశంలో లేదు. కొత్త గింజ తెలుపు, అయిపోయిన గింజా తెలుపే. మత్తుమందు యంత్రాల్లోని మీ చుట్టాలు కాస్త నయం, పని అయిపోతే ఊదారంగుకు తిరుగుతారు. కాసేపు వదిలేస్తే వాళ్లూ మళ్లీ తెల్లబడి ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు.

ఇక మిమ్మల్ని నింపడం ఒక వ్రతం. గుప్పెడు పోసి డబ్బా పక్కల తట్టాలి, మళ్లీ పోసి మళ్లీ తట్టాలి, గింజలు దిగడం ఆగేదాకా. ఎక్కడ వదులుంటే అక్కణ్నుంచి నా ఊపిరి అడ్డదారిన జారుకుంటుంది. దుమ్ము ముక్కుకెక్కి మండుతుంది. మూత తీసి ఉంచితే ఎండిపోయి పని మానేస్తారు, నీళ్లు చొరబడితే ఘాటు కషాయమై నోరు కాలుస్తారు. తడి కావాలి, నీళ్లు పనికిరావు! ఏ అల్లుడూ ఇంత సాధించడు.

మొన్న నా డైవింగ్ పుస్తకంలో మీ పేరిట అప్పటికే వాడిన రెండు గంటలు రాసి ఉన్నాయి. ‘ఇంకో గంట లాగుతారులే’ అనుకుని దిగాను. కంపెనీ చెప్పిన మూడు గంటలు ఎంత చలికి, ఎంత లోతుకి, ఎంత శ్రమకి కట్టిన లెక్కో చూడలేదు. చన్నీళ్లు, ఎదురు ప్రవాహం. నలభై నిమిషాలకే ఊపిరి చాలడం లేదు, నుదుటి వెనక సుత్తి దెబ్బలు. మణికట్టు తెర మీద ఆక్సిజన్ అంకెలు మూడూ భేషుగ్గా ఉన్నాయి. బెయిలవుట్‌కి, అంటే ఆపదకని వెంట మోసే విడి సిలిండర్‌కి, మారాలంటే మౌత్‌పీస్ తియ్యాలి. ఒక్క క్షణం కూడా తియ్యబుద్ధి కాలేదు, ఊపిరికి అంత ఆత్రం. ఎలా మారానో నాకే తెలీదు. సున్నంలోకి ఎముక మిగలకుండా కొట్టడమంటే ఏమిటో సున్నం చేతనే తెలిసింది.

మీరు మోసం చేశారని రాద్దామనే కూర్చున్నాను. పుస్తకం తిరగేస్తే ఆ ‘రెండు గంటల’ పక్కన ‘సుమారు’ అని నా చేతిరాతే ఉంది.

ఇవాళ డబ్బా బోర్లించాను. పై వరస గింజలు కొత్తవాటిలాగే మెరుస్తున్నాయి. వేరుచేసి దాచుకుందామా అని చెయ్యి ఒకసారి ఆగింది.

ఇట్లు,
మీ ఊపిరి బాకీదారు