గేరు సైకిల్‌కి స్టిక్కర్లు చూసి డబ్బులిచ్చేస్తారా?

సెకండ్ హ్యాండ్ గేరు సైకిల్ కనబడితే చాలు, ముందు చక్రం ఫోర్కులోని షాకులు నొక్కి మురిసిపోతారు. అమలాపురం నుంచి అంతర్వేది దాకా వంతెనలు తప్ప ఎత్తన్నదే లేదు, ఆ షాకులెందుకండీ? బరువు దండగ!

పెడల్ రాడ్డు పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటకమంటే బీబీ (పెడల్ రాడ్లు తిరిగే ఇరుసు) బేరింగులు పోయి ఉండొచ్చు. చైను మీద స్కేలు పెట్టండి: ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని లెక్కలో వదిలేసి, ఆ తర్వాతి 24వ పిన్ను మధ్యకి సరిగ్గా 12 అంగుళాలుండాలి. ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగితే చైను మార్చాలి, 3 పెరిగితే వెనక పళ్ల చక్రాలు కూడా అరిగే ఉంటాయి. సీటు గొట్టం ఫ్రేములోంచి కదలట్లేదా, తుప్పుతో అతుక్కుపోయింది, బేరమే వద్దు.

అమ్మేవాళ్లేమో చైనుకి కొబ్బరినూనె పూసి మెరిపిస్తారు. రెండ్రోజుల్లో కాలవగట్టు దుమ్మంతా దానికే!