ఉరిశిక్షతో జవాబుదారీ తీరదు

దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో అయిదుగురికి పడిన ఉరిశిక్షను 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది. బాంబులు పెట్టిందెవరన్న ప్రశ్నకు అది జవాబు. పెట్టే ప్రమాదముందని తెలిసీ ఆపలేకపోయిందెవరు? కడుపుకోతకు గురైన తల్లిదండ్రులకు ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారు లేరు.

ఆ ప్రాంతంలో ఇండియన్ ముజాహిదీన్ అనే ఉగ్రవాద సంస్థ సభ్యులు రెక్కీ చేశారని దిల్లీ పోలీసులు 2012 అక్టోబరులోనే వెల్లడించారు. 2013 ఫిబ్రవరి 21న సైకిళ్లపై పెట్టిన బాంబులు పేలి 18 మంది చనిపోయారు. రెండు రోజుల ముందే రాష్ట్రాలను అప్రమత్తం చేశామని నాటి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ శిందే చెప్పారు. మరి ఆ హెచ్చరిక ఏ కార్యాలయంలో ఆగింది? ఎవరు చదివారు, ఎవరు పక్కన పడేశారు? గ్రూప్స్ కోచింగనీ, డీఎస్సీ అనీ కృష్ణా, గుంటూరు జిల్లాల పిల్లలు ఏళ్ల తరబడి తలదాచుకున్నది ఆ వీధుల హాస్టళ్లలోనే. ఆనాటిది ఉమ్మడి ప్రభుత్వం. రాష్ట్రం రెండయ్యాక సంజాయిషీ అడగడానికి గడప కూడా మిగల్లేదు.

ముద్దాయికి శిక్ష పడితే ప్రభుత్వం బాధ్యత తీరిపోయినట్లేనన్న ఆనవాయితీ స్థిరపడుతోంది. మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే. హైకోర్టు తీర్పు వచ్చిన రెండు వారాలకే పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. మృతుల్లో విశాఖ, కావలికి చెందినవారూ ఉన్నారు. అది భద్రతా వైఫల్యమేనని, పూర్తి బాధ్యత తనదేనని జమ్మూకశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా జులైలో అంగీకరించారు. అంగీకరించి పదవిలో కొనసాగారు. ముంబయి దాడుల తరవాత, 2008లో, కేంద్ర హోంమంత్రి శివరాజ్ పాటిల్ రాజీనామా అయినా చేశారు! పహల్గాం హంతకులు ముగ్గురిని జులై 28న భద్రతా దళాలు మట్టుబెట్టాయి. జవాన్ల సాహసానికి జోహార్లు. కానీ దాడి జరిగిన బైసరన్ మైదానంలో పర్యాటకులను కాపలా లేకుండా వదిలేసిన నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న ఆ ముగ్గురితో చచ్చిపోలేదు.

నిఘా వ్యవహారాలు బజారున పెడితే శత్రువుకే మేలని అధికారులు అంటారు. గోప్యంగా ఉంచాల్సినవి ఉంటాయి, కాదనం. అయితే గోప్యత దేశానికి రక్ష కావాలి గానీ నిర్లక్ష్యానికి ముసుగు కాకూడదు. 2017లో 22 మందిని బలిగొన్న మాంచెస్టర్ దాడిపై బ్రిటన్ బహిరంగ విచారణ జరిపింది. దాడిని ఆపే అవకాశాన్ని నిఘా సంస్థ ఎంఐ5 చేజార్చుకుందని 2023లో తేల్చింది. ఆ సంస్థ అధిపతి క్షమాపణ చెప్పారు. కొడుకును పోగొట్టుకున్న ఫిగెన్ ముర్రే అనే తల్లి పట్టువదలక పోరాడితే, జనం గుమిగూడే చోట్ల భద్రతపై 2025 ఏప్రిల్ 3న చట్టమే వచ్చింది. బ్రిటన్ భద్రత దానివల్ల కూలిపోలేదు.

దసరాకు ఇంద్రకీలాద్రిపై లక్షల మంది బారులు తీరుతారు. విజయవాడ రైల్వే స్టేషన్‌లో అర్ధరాత్రి కూడా కాలు పెట్టే చోటుండదు. రేపు ఇక్కడ ఒక హెచ్చరిక బుట్టదాఖలైతే జవాబు చెప్పాల్సిందెవరో ఈరోజే చట్టంలో రాయాలి. ప్రతి ఉగ్రదాడిపైనా గడువుతో కూడిన స్వతంత్ర విచారణ జరపాలి. మృతుల కుటుంబాలకు అందులో ప్రశ్నించే హక్కు ఉండాలి. నివేదికను చట్టసభ ముందు పెట్టాలి. అధికారంలో ఉన్న పార్టీలు గానీ, నిన్నటిదాకా ఉన్నవి గానీ ఈ మాట ఎత్తడం లేదు. ఆ తల్లిదండ్రుల ప్రశ్నకు బదులివ్వలేనివారు పూలదండలు, కెమెరాలు వెంటేసుకుని వాళ్ల ఇళ్లకు పరామర్శకు వెళ్లడం ఇకనైనా మానుకోవాలి.