కాన్‌స్టంటైన్ నాణేల మీద సూర్యుడు రాత్రికి రాత్రి మాయం కాలేదు

ఈ మధ్య ఒక మాట తెగ షేర్ అవుతోంది: "క్రీ.శ. 312లో మిల్వియన్ వంతెన దగ్గర యుద్ధం గెలిచిన మర్నాటి నుంచే కాన్‌స్టంటైన్ చక్రవర్తి పాత దేవుళ్లను నాణేల మీద నుంచి తీసేసి శిలువ వేయించాడు. రోమ్‌లో పాత మతం అక్కడితో సరి." ఆ కాలపు కంచు నాణేలు చూస్తే ఇందులో ఒక్క ముక్కా నిలబడదు.

ముందు ఆ "మర్నాటి నుంచే" సంగతి. యుద్ధం అయ్యాక కూడా దాదాపు ఐదేళ్లు లండన్, ట్రియర్, ఆర్ల్, రోమ్ టంకశాలల్లో కుప్పలుగా తయారైన కంచు నాణెం మీద ఉన్నది సూర్యదేవుడే. తల చుట్టూ కిరణాలు, పైకెత్తిన కుడిచెయ్యి, ఎడమచేతిలో గోళం. అంచున "సోలి ఇన్విక్టో కొమిటి" అని ఉంటుంది. అంటే, తోడుగా ఉండే ఓటమి ఎరుగని సూర్యుడికి. బంగారు నాణేల మీదైతే ఆయన 325 దాకా కనిపిస్తాడు.

పోనీ, సూర్యుడు పోయాక శిలువ వచ్చిందా? ఎక్కువగా వచ్చినవి సైనిక శిబిరం ద్వారం, జెండాలు, ఇద్దరు సైనికులు. క్రైస్తవ గుర్తు అసలు లేదని నేను అనను. క్రీస్తు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాలు కలిపిన గుర్తు 315 నాటి వెండి పతకంలో చక్రవర్తి శిరస్త్రాణం మీద ఉంది. 327 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో వేసిన కంచు నాణెంలో ఆ గుర్తున్న జెండాకర్ర పామును పొడుస్తూ ఉంటుంది. కానీ ఆ నాణెం చాలా అరుదు. దాన్నొక్కదాన్నే ఫోటో పెట్టి అన్నీ ఇలాగే ఉండేవనడం చదివేవాళ్లను మోసం చేయడమే. అదే గుర్తు నాణెం వెనకవైపంతా నిండడానికి, కాన్‌స్టంటైన్ కొడుకుల కాలంలో తిరుగుబాటు చేసి చక్రవర్తినని ప్రకటించుకున్న మాగ్నెంటియస్ రావాలి. అప్పటికి కాన్‌స్టంటైన్ పోయి పదిహేనేళ్లు దాటింది.

ఇక పాత మతం "అక్కడితో సరి" అన్నదానికి నా జవాబు ఒక చిన్న కంచు నాణెం. కాన్‌స్టంటైన్ చివరి రోజుల్లో బాప్తిస్మం తీసుకుని 337లో చనిపోయాడు. తర్వాత కొడుకులు వేయించిన ఈ నాణెం మీద ముసుగు కప్పుకున్న ఆయన తల, పక్కన "దివుస్" అన్న బిరుదు ఉన్నాయి. చనిపోయాక దేవుళ్లలో చేర్చిన చక్రవర్తులకు రోమన్లు తరతరాలుగా ఇచ్చిన బిరుదు అది. వెనకవైపు ఆయన నాలుగు గుర్రాల రథం మీద పైకి వెళ్తుంటే, ఆకాశం నుంచి ఒక చెయ్యి అందుకోవడానికి కిందికి చాచి ఉంటుంది. క్రైస్తవ బిషప్ యూసేబియస్ తాను రాసిన కాన్‌స్టంటైన్ చరిత్రలో ఆ ముసుగును, ఆ రథాన్ని, ఆ చేతిని వర్ణించాడు. ఎక్కడా తప్పు పట్టలేదు.