లెన్స్ బిగించడంతో పని అయిపోదు

ఇంట్లో ప్రొజెక్టర్ ముందు అనమార్ఫిక్ లెన్స్ (బొమ్మను అడ్డంగా విప్పే లెన్స్) పెడితే చాలు, వెడల్పాటి సినిమాలకు పైనా కిందా వచ్చే నల్ల పట్టీలు పోతాయని ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. ముందు ప్రొజెక్టర్‌లో బొమ్మను నిలువుగా సాగదీసే మోడ్ ఆన్ చేయాలి. ప్రొజెక్టర్ బొమ్మలోని 1080 చుక్కల వరుసల్లో స్కోప్ సినిమా (బాగా వెడల్పాటి బొమ్మతో తీసినది) వాడుకునేది సుమారు 810 మాత్రమే, మిగతావి పట్టీలకే పోతాయి. ఆ మోడ్ బొమ్మను 1080 వరుసలకూ సాగదీస్తుంది. మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. అప్పుడు లెన్స్ దాన్ని అడ్డంగా 1.33 రెట్లు విప్పి సరిచేస్తుంది. మోడ్ మరిచిపోతే ముఖాలన్నీ వెడల్పుగా అయిపోతాయి.

శ్రీకాకుళంలో మా మేడ గదిలో దీన్ని అమర్చడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. గళ్ల టెస్ట్ ప్యాటర్న్ వేసి చూడండి. లెన్స్ కాస్త పక్కకు తిరిగినా ఒక వైపు గళ్లు పెద్దవవుతాయి. బొమ్మ పై, కింది అంచులు మధ్యలో లోపలికి వంగితే ప్రొజెక్టర్‌ను వెనక్కి జరపండి, చాలావరకు తగ్గుతుంది.

వ్యాసంలో అసలు లేనిది తేమ సంగతి. మాది సముద్రానికి దగ్గరి ఊరు. వానాకాలంలో గాజు మీద బూజు పడితే పైనున్న పూత పాడైపోతుంది, మళ్లీ రాదు. ఒకసారి తొందరలో తువ్వాలుతో తుడిచి సన్నటి గీత పెట్టాను, ఆ బాధ ఇంకా ఉంది. ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి. తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డ. లెన్స్ తుడిచే ద్రవం గుడ్డ మీదే వేయాలి, లెన్స్ మీద వద్దు. వాడనప్పుడు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, వానాకాలంలో ఆ పొట్లాలు తరచూ మార్చండి.